కార్జం గట్టిపడిందా? కోయకుండానే తెలుసుకోవచ్చు

అక్కలారా! అంగడిలో కుండ కొనేటప్పుడు ఏం చేస్తాం? వేలు మడిచి కొట్టి చూస్తాం. పగలగొట్టి చూడం గదా! మన కార్జం సంగతి కూడా ఇప్పుడు అట్లనే తెలుసుకోవచ్చు.

కార్జం పని ఏమిటి?

పుస్తకాలలో దీన్ని కాలేయం అంటారు. కుడి పక్కన, పక్కటెముకల లోపల ఉంటుంది. బరువు సుమారు కిలోన్నర. తిన్న తిండిని ఒంటికి పట్టిస్తుంది. రక్తంలోని విషాన్ని విరుస్తుంది.

ఎందుకు గట్టిపడుతుంది?

గుడుంబా, సారా, బ్రాందీ ఏది తాగినా కార్జం దెబ్బతింటుంది. కామెర్లు తెచ్చే బి, సి క్రిములు కూడా దాన్ని చెడగొడతాయి. షుగరు, ఎక్కువ బరువు ఉన్నవాళ్ల కార్జంలో కొవ్వు పేరుకుంటుంది. అందుకే తాగని ఆడవాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుంది. పుండు మానిన చోట మచ్చ పడ్డట్టు, లోపల మచ్చలు పడతాయి. కార్జం గట్టిపడుతుంది. ఏండ్ల తరబడి నొప్పి తెలియదు. పొట్టలో నీరు చేరేసరికి ఆలస్యం అవుతుంది.

ఒక అక్క భయం

మా చదువు కేంద్రానికి లక్సెట్టిపేట అక్క ఒకామె వస్తది. ఆమె భర్త బాగా తాగేవాడు. పరీక్ష చేయించమని డాక్టరు చెప్పిండు. "సూది గుచ్చి ముక్క తీస్తరట పంతులమ్మా" అని ఆమె ఆరు నెలలు ఊరుకుంది. చివరకు నేను తోడు పోయిన.

సూది లేదు, కోత లేదు. ఆ యంత్రం పేరు ఫైబ్రోస్కాన్. పరీక్షకు ముందు 3 గంటలు ఏమీ తినవద్దు. తింటే అంకె ఎక్కువ చూపవచ్చు. వెల్లకిలా పడుకొని కుడి చెయ్యి తలకింద పెట్టుకోవాలి. పక్కటెముకల నడుమ జిగురు రాసి, చిన్న గొట్టం ఆనిస్తారు. అది 10 సార్లు మెల్లగా తడుతుంది. పది నిమిషాలలో అయిపోతుంది.

ఎట్లా తెలుస్తుంది?

బిగుసుగా కట్టిన దండేన్ని ఒక కొనన కొట్టండి. అదురు రెండో కొనకు గబుక్కున పోతుంది. వదులుగా ఉంటే మెల్లగా పోతుంది. గట్టి కార్జంలో కూడా అదురు వేగంగా పోతుంది. చెవికి వినబడని ధ్వనితో యంత్రం ఆ వేగాన్ని కొలిచి అంకె చెబుతుంది. 8 లోపు ఉంటే సాధారణంగా మచ్చలు ఎక్కువ లేనట్టు. 15 దాటితే బాగా గట్టిపడి ఉండవచ్చు. అంకె ఒక్కటే చూసి భయపడవద్దు. మిగతా పరీక్షలు కలిపి డాక్టరు చెప్పాలి.

ఆ అక్క భర్తకు 11 వచ్చింది. "తాగుడు ఇప్పుడే ఆపితే ఇంకా కోలుకునే వీలుంది" అన్నాడు డాక్టరు. మానిండు. ఆరు నెలలు ముందే పోతే బాగుండు అని అక్క ఇప్పటికీ అంటది.

గుర్తు పెట్టుకుందాం

ఈ యంత్రం పెద్ద దవాఖానలలోనే ఉంటుంది. ముందు దగ్గరి దవాఖానలో రక్తపరీక్ష చేయించుకోవాలి. అవసరమైతే వాళ్లే పంపిస్తారు.

2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద బి, సి క్రిములకు సర్కారు దవాఖానలలో పరీక్ష, మందులు ఉచితం. పుట్టిన బిడ్డకు 24 గంటలలోపు బి టీకా వేయించాలి.

పసిరికలైతే పసరు, వాతలతో ఆగవద్దు. డాక్టరుకు చూపించాలి.

మీ ఇంట్లో తాగేవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు ఎవరు? వాళ్ల పేర్లు మీ చేతితో రాయండి. ఈ పాఠం వాళ్లకు చదివి వినిపించండి.