వేరే కంచం పెట్టకండి



దక్షిణాఫ్రికాలో 1989లో పుట్టిన న్‌కోసి జాన్సన్‌కు తల్లి నుండే హెచ్.ఐ.వి. సోకింది. పేదరికంలో, జబ్బుతో ఉన్న ఆ తల్లి బాబును పెంచలేక గెయిల్ జాన్సన్ అనే ఆమె చేతిలో పెట్టింది. 1997లో తల్లి చనిపోయింది. అదే ఏడు జోహానెస్‌బర్గ్‌లో బాబును బడిలో చేర్చబోతే కొందరు తల్లిదండ్రులు అడ్డుపడ్డారు. అయినా పట్టు విడవలేదు, బడిలో చేరాడు.

2000లో డర్బన్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభలో 11 ఏళ్ల న్‌కోసి వేలమంది ముందు మాట్లాడాడు. మమ్మల్ని చూసి భయపడవద్దన్నాడు. జబ్బున్న గర్భిణులకు మందు ఇవ్వమని ప్రభుత్వాన్ని అడిగాడు. 2001 జూన్ 1న 12 ఏళ్లకే కన్నుమూశాడు.

ఆ బాబు అడిగిన మందు నేడు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతుంది. గర్భిణి సకాలంలో వాడితే బిడ్డకు సోకకుండా చాలావరకు కాపాడవచ్చు. జబ్బున్న పిల్లలు రోజూ మానకుండా మందు వేసుకుంటే పెద్దవారై చక్కగా బ్రతుకుతారు.

కలిసి తిన్నా, ఒకే బెంచీ మీద కూర్చున్నా హెచ్.ఐ.వి. సోకదు. అమ్మానాన్నలు పోయిన బిడ్డ మీ ఇంటికి వస్తే వేరే కంచం, వేరే గ్లాసు పెట్టకండి. మీ పిల్లల పక్కనే కూర్చోబెట్టి అన్నం పెట్టండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్