లారీ హీట్ మీటర్: ఒక్క ఫోటో చూసి "నార్మలే" అని చెప్పొద్దు

ఈ ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ లేదు, కొత్త యాప్ లేదు. లారీ డాష్‌బోర్డ్ మీద ఉండే టెంపరేచర్ మీటర్, అందులోని చిన్న ముల్లు. దాని గురించే ఈరోజు మాట్లాడుకుందాం. ఆ ముల్లును ఒకసారి నేను తప్పుగా చదివాను. నష్టం మాత్రం మా మామకు వచ్చింది.

మాది హిందూపురం. బీటెక్ అయ్యాక బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ణి. మా మామకు ఒక పాత పది టైర్ల లారీ ఉంది. రెండేళ్ల కింద, ఏప్రిల్ నెల, మిట్ట మధ్యాహ్నం. ధర్మవరంలో చింతపండు లోడ్ ఎత్తుకుని హిందూపురం మార్కెట్‌కి వస్తున్నాడు. కియా ఫ్యాక్టరీ దాటి పెనుకొండ దగ్గర బండి ఆపి, నాకు వాట్సాప్‌లో మీటర్ ఫోటో పెట్టాడు. కింద వాయిస్ మెసేజ్: "అల్లుడా, ముల్లు ఇంత పైకి ఎప్పుడూ పోలేదు. ఇది నార్మలేనా, సూడు."

నేను గూగుల్ చేశాను. 100 డిగ్రీల లోపు ఉంటే పర్లేదని కనిపించింది. ముల్లు 100 దాటలేదు. "నార్మలే మామా, వచ్చేయ్" అన్నాను. ఇరవై నిమిషాలకు ఇంకో ఫోటో. ముల్లు బాగా కిందికి, చల్లటి వైపు పడిపోయింది. నేను థంబ్స్ అప్ పెట్టాను. సోమందేపల్లి చేరకముందే బండి ఆగిపోయింది.

కింది హోస్ పైపు చీలి నీళ్లన్నీ కారిపోయాయి. గాస్కెట్ కాలింది, హెడ్ వంగింది. లక్షా నలభై వేలు ఖర్చు, పైగా రెండు నెలల కంతులు ఆగిపోయాయి. మామ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ బాధేసింది.

సరే, నేను చేసిన తప్పు ఎక్కడ? ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట, మీటర్ కొలిచేది దేన్ని? ఇంజిన్ ఇనుముని కాదు. ఇంజిన్‌లో తిరిగే నీళ్ల వేడిని, అంటే కూలెంట్ వేడిని. సెన్సర్ ఆ నీళ్లలో మునిగి ఉంటేనే సరైన లెక్క చెప్తుంది. నీళ్లు లేకపోతే సెన్సర్ చుట్టూ ఉండేది గాలి, ఆవిరి. అప్పుడు లోపల ఇంజిన్ మండిపోతున్నా ముల్లు కిందికి రావచ్చు. మామ రెండో ఫోటోలో జరిగింది అదే. ఎక్కుడు రోడ్డులో, లోడుతో పోతున్నప్పుడు ముల్లు ఉన్నట్టుండి పడిపోతే సంతోషపడొద్దు. వెంటనే బండి ఆపాలి.

రెండోది, నార్మల్ అంటే ఎంత? చాలా డీజిల్ లారీల్లో థర్మోస్టాట్ సుమారు 80 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి 95 దాకా మామూలే. లోడుతో ఎక్కుడు ఎక్కేటప్పుడు కాసేపు 100 దగ్గరికి పోవచ్చు. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టి నీళ్లు 100 దాటినా వెంటనే మరగవు. మూత రబ్బరు పాడైతే మాత్రం ఆ రక్షణ పోతుంది. మీ బండికి అసలు హద్దు ఎంతో కంపెనీ బుక్‌లో ఉంటుంది, అదే ఫైనల్.

మూడోది ముఖ్యం. ధర్మవరం సముద్ర మట్టానికి సుమారు 345 మీటర్ల ఎత్తులో ఉంది, హిందూపురం సుమారు 620. అంటే ధర్మవరం నుంచి వచ్చే లారీ మొత్తం మీద 275 మీటర్లు పైకి ఎక్కుతుంది. అదే బండి తెల్లవారుజామున ఖాళీగా ధర్మవరం దిగేటప్పుడు ముల్లు ఒక చోట ఉంటుంది, ఏప్రిల్ ఎండలో లోడుతో పైకి వచ్చేటప్పుడు ఇంకో చోట ఉంటుంది. రెండూ నార్మలే. అందుకే నార్మల్ అంటే ఒక నంబర్ కాదు. ఆ బండికి, ఆ రోడ్డులో, ఆ లోడుకి ఉండే అలవాటు. ఫోటోలో నంబర్ కనిపిస్తుంది కానీ అలవాటు కనిపించదు.

మరి ఆ అలవాటు తెలుసుకోవడం ఎలా? బండి బాగున్నప్పుడే ఒక వారం పాటు మూడు లెక్కలు రాసుకోండి: ఖాళీ బండి, లోడుతో చదును రోడ్డు, లోడుతో ఎక్కుడు. ఫోన్‌లో నోట్ చేసుకుంటే చాలు. నడిపేవాళ్లు ఫోన్ ముట్టొద్దు, క్లీనర్ రాయాలి లేదా బండి ఆపాక రాయాలి. ఇంకొకటి కూడా చూడండి. ఎక్కుడు అయిపోయాక ముల్లు ఎంతసేపట్లో కిందికి దిగుతోంది? చదును రోడ్డు మీద ఐదు, పది నిమిషాల్లో తన చోటికి రాకపోతే ఏదో తేడా ఉంది. నీళ్లు, బెల్టు, ఫ్యాను, థర్మోస్టాట్, రేడియేటర్‌లో ఇరుక్కున్న దుమ్ము, పొట్టు అన్నీ చూపించాలి.

ఒక్కోసారి మీటరే అబద్ధం చెప్తుంది. లైట్లు వేయగానే ముల్లు కదిలిందా? అయితే ఎర్త్ వైరు వదులుగా ఉండొచ్చు. లైట్లు వేస్తే ఇంజిన్ ఒక్క సెకనులో వేడెక్కదు కదా! ఇంజిన్ ఎంతసేపు తిరిగినా ముల్లు లేవకపోతే సెన్సర్ వైరు తెగి ఉండొచ్చు, లేదా థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయి ఉండొచ్చు.

ఇక ముల్లు నిజంగానే పైకి పోతుంటే: గేరు తగ్గించి నెమ్మదిగా పోనివ్వండి, ఏసీ ఉంటే ఆపేయండి, రోడ్డు పక్కన సేఫ్‌గా ఆపండి. నీళ్లు కారట్లేదు, ఆవిరి లేదు అంటే రెండు మూడు నిమిషాలు ఇంజిన్ స్లోలో తిరగనివ్వండి, నీళ్లు తిరిగి వేడి దిగుతుంది. నీళ్లు కారుతున్నా, ఆవిరి వస్తున్నా, ముల్లు ఎర్ర గీతలోకి పోయినా, ఉన్నట్టుండి పడిపోయినా ఇంజిన్ వెంటనే ఆఫ్. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. కనీసం అరగంట ఆగి, పైపు ముట్టుకుంటే చల్లగా ఉన్నప్పుడే తీయండి. కాలుతున్న ఇంజిన్‌లో చల్లనీళ్లు ఒక్కసారిగా పోస్తే హెడ్ పగలొచ్చు.

ఇప్పుడు మామ మెసేజ్ ఇంకోసారి వినండి. "ఇంత పైకి ఎప్పుడూ పోలేదు." నాకు కావలసిన జవాబు ఆ మాటలోనే ఉంది. ఇరవై ఏళ్లు ఆ రోడ్డులో తిరిగిన మనిషి తేడా ఉందని చెప్తుంటే, నేను గూగుల్‌లో నంబర్ చూసి లేదన్నాను.

మీ నాన్నో, మామో, అన్నో ఇలాంటి ఫోటో పంపితే జవాబు ముందు చెప్పొద్దు. తిరిగి మూడు ప్రశ్నలు అడగండి: రోజూ ఎక్కడ ఉంటుంది? ఇప్పుడు లోడు ఎంత? నీళ్లు చూశావా? ఈ వీడియో లారీ ఉన్న ఇంటికి ఒక్కసారి పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.