చదువు ఏడుతో ఆగింది.. నవ్వు ఆగలేదు!

జానీ లీవర్ పేరు వినని హిందీ సినిమా ప్రేక్షకులు ఉండరు. ఆయన తెలుగువాడని మనలో చాలామందికి తెలుసు. ముంబయిలో తెలుగువారు నడిపే బడిలోనే ఆయన చదివారని, ఆ చదువు ఏడో తరగతితో ఆగిపోయిందని మాత్రం కొద్దిమందికే తెలుసు. నవ్వించడమే బతుకుగా మలచుకున్న ఈ క్రైస్తవ కుటుంబీకుడి జీవితంలో మన బడులకు, తల్లిదండ్రులకు పనికొచ్చే సంగతి ఒకటుంది.

కనిగిరి నుంచి ధారావికి

ఆయన అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు. 1957 ఆగస్టు 14న ప్రకాశం ప్రాంతంలోని కనిగిరిలో పుట్టారు. పెరిగింది ముంబయిలోని ధారావి, కింగ్స్ సర్కిల్ పరిసరాల్లో. తండ్రి హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో ఆపరేటర్. తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్న ఇంట్లో జాన్ పెద్ద కొడుకు. చదివింది ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి ఇంగ్లిష్ హైస్కూల్లో.

బడిలో అతనంటే అందరికీ ఇష్టమే. తోటి పిల్లలనే కాదు, టీచర్లను కూడా అనుకరించి చూపించేవాడు. ఇంట్లో పరిస్థితి వేరు. తండ్రి తాగుడు వల్ల ఇల్లు గడవడమే కష్టంగా ఉండేదని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఫీజుకూ రేషన్‌కూ బంధువుల దగ్గర చెయ్యి చాచాల్సి వచ్చేది. అలా అడిగి అడిగి విసుగొచ్చి, ఒకరోజు బడికి వెళ్లడమే మానేశాడు.

టీచర్ పంపిన కబురు

అప్పుడు క్లాస్ టీచర్ ఊరుకోలేదు. అతణ్ని పిలుచుకు రమ్మని మనుషులను పంపారు. ఫీజు, బట్టలు తాను చూసుకుంటానన్నారు. అయినా జాన్ తిరిగి వెళ్లలేదు. దశాబ్దాలు గడిచాక ఆమె ఆచూకీ తెలుసుకున్నానని, ఆమె చూపిన ప్రేమను మరవలేదని జానీ లీవర్ చెప్పుకున్నారు.

ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. ఆ టీచర్‌ది మంచి మనసు. డబ్బు కట్టడానికీ ఆమె సిద్ధపడ్డారు. మరి పిల్లవాడు ఎందుకు రాలేదు? పేదింటి పిల్లవాణ్ని బడికి దూరం చేసేది ఒక్క ఫీజు బాకీయే కాదు. ‘మళ్లీ ఎవరినో అడగాలి’ అన్న సిగ్గు కూడా. ఆ సిగ్గు ఒకసారి మనసులో పడి, చేతికి నాలుగు డబ్బులు రావడం మొదలైతే, ఎంత ప్రేమగా పిలిచినా వెనక్కి తేవడం కష్టం. సాయం అందాల్సింది పిల్లవాడు బడి మానేశాక కాదు, అడగాల్సిన అవసరం రాకముందే.

పెన్నులమ్మిన వీధి నుంచి వెండితెరకు

బడి మానేసిన జాన్ ముంబయి వీధుల్లో పెన్నులు అమ్మాడు. సినిమా తారల్లా నడిచి, డాన్సు చేసి, కొనేవాళ్లను ఆకట్టుకునేవాడు. తర్వాత తండ్రి పనిచేసే ఫ్యాక్టరీలోనే కార్మికుడిగా చేరాడు. అక్కడ ఒక వేడుకలో పై అధికారులను అనుకరించి అందరినీ కడుపుబ్బ నవ్వించాడు. ‘జానీ లీవర్’ అన్న పేరు అలా తోటి కార్మికులు పెట్టిందే. 1981లో ఉద్యోగం వదిలి పూర్తిగా వేదికకే అంకితమయ్యాడు. సంగీత దర్శకులు కల్యాణ్‌జీ-ఆనంద్‌జీల ప్రదర్శనలతో దేశదేశాలు తిరిగాడు. సునీల్ దత్ ‘దర్ద్ కా రిష్తా’ (1982)లో అవకాశమిచ్చారు. ‘బాజీగర్’ (1993) ఇంటింటికీ తెలిసిన నటుణ్ని చేసింది. ‘దీవానా మస్తానా’ (1997), ‘దూల్హే రాజా’ (1998) చిత్రాలకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ హాస్యనటుడి అవార్డులు వచ్చాయి.

ఇది చూసి ‘చదువు లేకపోతేనేం, జానీ లీవర్ కాలేదా!’ అనుకుంటే పొరపాటే. అలా బడి మానేసిన వేలాది పిల్లల్లో తెరకెక్కినవాడు ఒక్కడు. ఆయన కూడా తన పిల్లల విషయంలో అలా అనుకోలేదు. కూతురు జేమీ లండన్‌లో మార్కెటింగ్‌లో మాస్టర్స్ చేశాకే హాస్య వేదిక ఎక్కింది.

ఇంటి కష్టం.. విశ్వాసం

చిన్న వయసులోనే కొడుకు మెడ దగ్గర కణితి రావడం ఆ ఇంటిని కుదిపేసింది. ఆ రోజుల్లో ప్రార్థనే తనకు ఆసరా అయిందని జానీ లీవర్ చెబుతారు. అమెరికాలో ఆపరేషన్ అయ్యాక కొడుకు కోలుకున్నాడు. ఆ తర్వాత మద్యం మానేశానని, క్రీస్తు విశ్వాసంలో గట్టిగా నిలబడ్డానని ఆయన బాహాటంగానే చెప్పుకుంటారు. తాగుడు వల్ల తన చిన్నతనం ఎలా గడిచిందో తెలిసిన మనిషి, తన పిల్లల ఇంటికి ఆ నీడ పడనివ్వలేదు. తల్లిదండ్రులు గమనించాల్సిన మాట ఇది.

మన బడులు ఏం చేయొచ్చు?

విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్యను హక్కుగా చేసింది. అయితే ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు ఇచ్చింది. కాబట్టి ఫీజు తీసుకునే మన మైనారిటీ బడుల్లో, కట్టలేని పిల్లవాణ్ని నిలబెట్టుకునే బాధ్యత చాలావరకు యాజమాన్యం మీద, మన సంఘాల మీద ఉంది.

పెద్ద ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. ఫీజు బాకీల పేర్లు తరగతిలో చదవడం ఆపాలి. ఆ మాట తల్లిదండ్రులతోనే, విడిగా మాట్లాడాలి. పిల్లవాడు వరసగా మూడు రోజులు రాకపోతే నాలుగో రోజుకు ఇంటికి కబురు వెళ్లాలి. పూర్వ విద్యార్థులతో చిన్న నిధి పెట్టుకుని, సాయం ఎవరికి అందిందో బయటికి తెలియకుండా చూడాలి. తల్లిదండ్రులు కూడా ఇంటి ఇబ్బందిని పిల్లవాడి నోటితో చెప్పించకుండా, నేరుగా టీచర్‌కు చెప్పాలి.

ఇంకొక్కటి. తరగతిలో మిమ్మల్ని అనుకరించి నవ్వించే అల్లరి పిల్లవాడు ఉంటే కోప్పడే ముందు ఒక్క క్షణం చూడండి. వార్షికోత్సవంలో అతనికి పది నిమిషాలు ఇవ్వండి. నవ్వించే పిల్లవాడు ఇంట్లో కష్టాన్ని దాచుకుంటూ ఉండొచ్చు. అతని హాజరు మీద కూడా ఒక కన్నేసి ఉంచండి.