మురుగునీటి మంచిచెడులు – డాఫ్నియా పరీక్ష



హైదరాబాదు దిగువన మూసీనది వెంబడి పలువురు రైతులు వరిని, పశుగ్రాసమును నదినీటితోనే పండించుచున్నారు. అంబర్‌పేట, నాగోలు మొదలగు శుద్ధి కేంద్రముల నీరు ఈ నదిలోనే కలియును. నీరు తేటగా నున్నంత మాత్రమున మంచిదని తలచరాదు. కరగియున్న రాగి, తుత్తునాగము, పురుగుమందుల శేషములు కంటికి కనబడవు. రసాయన పరీక్ష మనము వెదకిన పదార్థమునే చూపును. పలు విషములు కలిసి చేయు కీడును చూపలేదు. ఆ కీడును ప్రాణియే చెప్పవలెను.

డాఫ్నియా యననేమి?

ఇది రొయ్యల జాతికి చెందిన మంచినీటి జీవి. పొడవు ఐదారు మిల్లీమీటర్లకు మించదు. నీటిని వడగట్టి నాచును తినును గనుక నీటిలోని విషము దానికి వెంటనే సోకును. మగజీవితో పనిలేకయే పిల్లలను పెట్టును. కావున పిల్లలన్నియు ఒకే వంగడపు విత్తనమువలె సమానముగా నుండును.

పరీక్షించు విధానము

పుట్టి 24 గంటలు దాటని పిల్లలను తీసుకొందురు. పరీక్షింపవలసిన నీటిని కొన్ని పాత్రలలో అట్లే ఉంచి, మరికొన్నింటిలో మంచినీటితో సగపాలు, పాతికపాలుగా పలుచన చేయుదురు. పోలికకై వట్టి మంచినీటి పాత్రలును ఉండును. ఒక్కొక్క మోతాదునకు 20 జీవులను, పాత్రకు ఐదు చొప్పున వదలుదురు. మేత పెట్టరు. 48 గంటల పిదప పాత్రను మెల్లగా కదిపి, 15 సెకండ్లలోగా ఈదలేనివానిని లెక్కింతురు. మంచినీటిలోనే నూటికి పదికి మించి కదలలేకపోయినచో ఆ పరీక్ష చెల్లదు. బాగుగా పలుచన చేసినను జీవులు కదలలేనిచో ఆ నీరు మిక్కిలి విషపూరితము. క్లోరిను కలిపిన నీరైనచో, దానిని విరిచి మరల పరీక్షింపవలెను. క్లోరినే వానిని చంపియుండవచ్చును.

రైతులు గమనింపవలసినవి

1. డాఫ్నియా బ్రతికినంత మాత్రమున నీరు అన్నివిధముల క్షేమము కాదు. మనకు రోగము తెచ్చు క్రిములు, నులిపురుగుల గ్రుడ్లు దానిని బాధింపవు. ఈ గ్రుడ్లు లీటరునకు ఒకటికి మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2006లో సూచించినది. కావున పచ్చిగా తిను కూరలను ఈ నీటితో పండింపవద్దు.

2. డాఫ్నియా ఓర్చు ఉప్పునకు చిక్కుడు వంటి పైరు ఓర్వదు. నీటి విద్యుద్వాహకతను వేరుగా పరీక్షింపించుడు. అది మీటరునకు 0.7 డెసీసీమెన్సు లోపున్న భయము లేదు. 3 దాటిన చాల పైరులకు హాని.

3. ఈ నీటిలో దిగునపుడు రబ్బరు బూట్లు తొడుగుడు. పని ముగియగనే సబ్బుతో కాలుసేతులు కడుగుకొనుడు.

పైరుకు, పశువుకు, మనిషికి వేరువేరు పరీక్షలు కలవు. మూడింటిని కలిపి చూచిన పిదపనే నీటిని నమ్మవలెను.