కందకాల తవ్వకంలో భద్రత

మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, కేబుళ్ళు, పునాదుల కొరకు నేలను లోతుగా తవ్వునపుడు ప్రక్కగోడలు కూలి కూలీలు పూడిపోకుండా తీసుకొనే జాగ్రత్తలు ఈ అంశం క్రిందికి వస్తాయి.

ఒక ఘనమీటరు మట్టి సుమారు ఒకటిన్నర నుండి రెండు టన్నుల బరువు ఉంటుంది. కనుక ఛాతీ వరకు పూడినవాని తల బయటనే ఉన్నా ప్రమాదం తప్పదు. ఊపిరి విడిచిన ప్రతిసారీ మట్టి మరికొంత బిగుసుకొని, తిరిగి గాలి పీల్చనీయదు.

నల్లరేగడి నేలల విషయంలో మరింత మెలకువ అవసరం. ఎండాకాలంలో నిట్టనిలువుగా కోసినా గోడ గట్టిగానే నిలుస్తుంది. ఆ ధీమాయే ప్రమాదకరం. బీటలలోకి వాననీరు దిగగానే అదే గోడ పెళ్ళలుగా విరిగిపడుతుంది.

కేంద్ర ప్రజాపనుల శాఖ కాంట్రాక్టులలోని భద్రతా నియమావళి ప్రకారం 1.5 మీటర్లు, అంతకు మించిన లోతు గల గోడలను వాలుగా వెనుకకు కోయాలి, లేదా కొయ్యలతో గట్టిగా ఊతమివ్వాలి. తీసిన మట్టిని అంచు నుండి 1.5 మీటర్లు లేక లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. అంటే 4 మీటర్ల కందకానికి 2 మీటర్లు. మోత తగ్గుతుందని అంచునే పోసిన గుట్ట గోడకు అదనపు భారం. లోతు 1.2 మీటర్లు ఉంటే ప్రతి 30 మీటర్ల పొడవుకు కనీసం ఒక నిచ్చెన ఉండాలి. గోడను అడుగున తొలచరాదు.

తోటివాడు పూడిపోగానే లోనికి దూకడం మనుష్య సహజం. అయితే ఆధారం పోయిన మిగతా గోడ అతనిపైనా కూలవచ్చు. ముందు గోడలకు ఊతమిచ్చి, పూడిన మనిషి దగ్గర పొక్లెయిన్ వాడక, చేతులతో, చిన్న పారలతో మట్టి తీయాలి.