హింస – నృత్యం – డాక్యుమెంటరీ: ఇంద్రవెల్లి వైపు నుంచి

ఆ మధ్య ఎం.ఏ. తెలుగు చదువుతున్న ఒక విద్యార్థి తన వ్యాసం చూసిపెట్టమని ఇచ్చాడు. అందులో ఒకచోట ‘గుస్సాడీ గోండుల యుద్ధ నృత్యం’ అని ఉంది. ఎక్కడ చదివావని అడిగాను. ‘చదవలేదు సార్, ఇంద్రవెల్లి మీద తీసిన ఒక చిన్న చిత్రంలో తుపాకుల మోత మీద గుస్సాడీ అడుగులు చూపించారు’ అన్నాడు. తప్పు వాడిది కాదు. హింసను చెప్పాలనుకున్నప్పుడల్లా హింసకు గురైనవాళ్ళ ఆటను తెచ్చి దాని పక్కన నిలబెట్టే అలవాటు మన కళాకారులకు ఉంది. రచయితలమైన మనకూ ఉంది.

గుస్సాడీ యుద్ధ నృత్యం కాదు. దీపావళి రోజుల్లో ఆదిలాబాద్ రాజ్‌గోండు గూడేల్లో జరిగే దండారిలో అది భాగం. ఒక గూడెం బృందం ఇంకో గూడేనికి అతిథిగా పోతుంది, రాత్రంతా ఆడుతుంది, కలిసి తింటుంది. పెళ్ళి సంబంధాలు కూడా ఆ రాకపోకల్లోనే కుదురుతాయి. నెమలి ఈకల టోపీ, ఒంటి నిండా బూడిద, భుజాన తోలు, చేతిలో కర్ర, నడుముకు గజ్జెలు - ఆ వేషం వేసినవాడు దీక్షలో ఉన్నన్నాళ్ళూ స్నానం చేయడు. అది దైవం పూనిన వేషం. భయపెట్టే రూపంతో నవ్వించడం, ఆటపట్టించడం అందులో ఉన్న సొగసు. ఇందులో శత్రువు లేడు.

శత్రువు బయటినుంచి వచ్చాడు. రిజర్వు అడవుల హద్దురాళ్ళ రూపంలో, పట్టా కాగితాల రూపంలో, షావుకారు పద్దు రూపంలో వచ్చాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గూడెం మనిషిగా ఉన్నాడు. దండారి ఆడేవాళ్ళ ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయం ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో ఉన్నాయి. పంపింది సర్కారే అయినా, ఆయన రాతల్లో భూమి ఎట్లా చేజారిందో కనిపిస్తుంది. ఫొటోల్లో మాత్రం ఆట కనిపిస్తుంది, భూమి పోవడం కనిపించదు. కెమెరాకు ఉన్న ఇబ్బంది ఇదే. తూటా ఒక్క క్షణంలో పేలుతుంది కాబట్టి అది తెరకెక్కుతుంది. పద్దుపుస్తకం ముప్పై ఏళ్ళు చంపుతుంది, దాన్ని ఏ షాట్‌లో పట్టాలి?

ఈ చిక్కును నృత్యం ద్వారా విప్పిన చిత్రం ఒకటుంది. జాషువా ఓపెన్‌హైమర్ 2012లో తీసిన ‘ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’. 1965-66లో ఇండోనేసియాలో కమ్యూనిస్టులన్న పేరుతో కనీసం 5 లక్షల మందిని చంపారు. మేడాన్ పట్టణంలో ఆ పనిచేసిన అన్వర్ కాంగో, తాను చంపిన మేడమీదికి దర్శకుణ్ణి తీసుకుపోయి, తీగ బిగించి ఎట్లా చంపేవాడో అభినయించి చూపుతాడు. ఆ వెంటనే అక్కడే చా-చా నృత్యం చేస్తాడు. వెనక సంగీతం పెంచలేదు, కత్తిరింపుల గారడీ లేదు. కెమెరా ఊరికే చూస్తుంటుంది. శిక్ష పడని హంతకుడి శరీరం ఎంత తేలికగా ఉంటుందో మనకు తెలిసిపోతుంది. చివర్లో అదే మేడమీద అతనికి డోకు వస్తుంది. అది పశ్చాత్తాపమా, మరో నటనా అన్న వాదన ఉంది. నాకు ఆ వాదన మీద ఆసక్తి లేదు. నాకు కావలసింది కెమెరా ఎవరివైపు తిరిగింది అన్నది.

మన దగ్గర దీపా ధన్‌రాజ్ బృందం 1984 హైదరాబాద్ మతకలహాల మీద ‘క్యా హువా ఇస్ షహర్ కో’ (1986) తీసింది. కర్ఫ్యూలో కూలి పోయిన ఇళ్ళ గోడుతో పాటు, కలహాన్ని పెంచిన రాజకీయాన్ని కూడా నిలదీసింది. ఊరేగింపులో ఊగే గుంపు అంతా ఒక్కటి కాదనీ, దాన్ని ఊపేవాళ్ళు వేరే ఉంటారనీ అలాంటి చిత్రం చూస్తే అర్థమవుతుంది.

ఇంద్రవెల్లికి వద్దాం. 1981 ఏప్రిల్ 20 సోమవారం, సంత రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభ తలపెట్టింది. సభకు అనుమతి లేదని చాలా గూడేలకు తెలియనే లేదు. సభకు వచ్చినవాళ్ళూ, ఉప్పూ నూనే కొనడానికి వచ్చినవాళ్ళూ ఒకే దారిలో నడిచారు. పోలీసు కాల్పుల్లో చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. పౌరహక్కుల వాళ్ళ లెక్క దానికి ఎన్నో రెట్లు. అమరుల స్తూపాన్ని ఒకసారి పేల్చేశారు, తర్వాత మళ్ళీ కట్టారు. చాలా ఏళ్ళు ఆ తేదీన అక్కడికి పోవడానికి ఆంక్షలే.

ఇందులో విచిత్రమేమంటే, ఆ 1980ల తొలి ఏళ్ళలోనే మార్లవాయి కనకరాజు బృందం గుస్సాడీని ఢిల్లీ గణతంత్ర వేడుకలకు తీసుకుపోయి ఇందిరాగాంధీ ముందు ఆడింది. 2021లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు, 2024లో పోయారు. ఆయన కళను తక్కువ చేయడం లేదు, ఆయన నేర్పకపోతే ఎన్నో అడుగులు ఈపాటికి మరుగున పడేవి. నేననేది రాజ్యం గురించి. అది గోండు కాళ్ళను రాజధానిలో మెచ్చుకుంది, సంతబాటలో ఆపింది. ఇంద్రవెల్లి మీద డాక్యుమెంటరీ తీసేవాడికి ఈ రెండు దృశ్యాలు పక్కపక్కన ఉంటే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు. తుపాకుల మోత మీద గుస్సాడీని అతికిస్తే ఏమవుతుంది? ఆట హింసకు జవాబుగా మారిపోతుంది, ఆడేవాడు పుట్టుకతోనే యోధుడైపోతాడు, కాల్చినవాడికి సాకు దొరుకుతుంది. మెచ్చుకోబోయి పోలీసు నివేదికకు సాక్ష్యం చెప్పినట్టవుతుంది.

అల్లం రాజయ్య, సాహు కలిసి ‘కొమురం భీం’ నవల (1983) రాసినప్పుడు గోండుల మధ్య తిరిగి, విని రాశారు. చలనచిత్రానికి ఆ వినికిడి ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే చిత్రంలో తుడుం మోత అసలు మోతే అయి ఉండాలి. పండుగకు కొట్టే తుడుం వేరు, జనాన్ని కూడమని కొట్టే తుడుం వేరు. గూడెంలో పిల్లవాడికి కూడా ఆ తేడా తెలుసు. సౌండు రికార్డు చేసేవాడికి తెలియకపోతే చిత్రం అక్కడే అబద్ధమవుతుంది.

విద్యార్థి ‘యుద్ధ నృత్యం’ అన్న మాట కొట్టేసి, మరేం రాయమంటారు సార్ అని అడిగాడు. ఇప్పుడే ఏమీ రాయకు, దీపావళికి మార్లవాయి పోయి రా అన్నాను. ఆసిఫాబాద్ నుంచి బస్సు ఉందా అని అడిగాడు.