విత్తనంలో సగం మనదే



"ఆడది పొలం లాంటిది. విత్తనం మగవాడిది." ఈ మాట మనం విన్నదే. పిల్లలు పుట్టకపోతే "పొలం చవిటిది" అని కోడలిని ఆడిపోసుకుంటారు. ఇది నిజమేనా? చూద్దాం.

మన పొత్తికడుపులో గర్భసంచి ఉంటుంది. దానికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి అండాశయాలు ఉంటాయి. ఒక్కొక్కటి వేరుశనగ కాయంత ఉంటుంది. గర్భసంచి నుంచి వాటి దగ్గరకు రెండు సన్నని గొట్టాలు ఉంటాయి. మన విత్తనాలు అండాశయాల్లోనే ఉంటాయి. వాటినే అండాలు అంటారు. అండం ఇసుక రేణువు కన్నా చిన్నది.

ఈ అండాలు ఎప్పుడు తయారవుతాయి? పెళ్ళయ్యాకా? పెద్దమనిషి అయ్యాకా? కాదు. మనం అమ్మ కడుపులో ఉన్నప్పుడే! అంటే మన బిడ్డకు కావలసిన సగం విత్తనం అమ్మమ్మ కడుపులోనే తయారయింది.

ఆడపిల్ల పుట్టేసరికి 10 నుంచి 20 లక్షల అండాలు ఉంటాయి. తర్వాత తగ్గుతూ వస్తాయి. పెద్దమనిషి అయ్యేనాటికి 3, 4 లక్షలు మిగులుతాయి.

అప్పటినుంచి నెలనెలా కొన్ని అండాలు పెరగడం మొదలుపెడతాయి. ఒక్కో అండం చుట్టూ నీటి బుడగ లాంటి చిన్న సంచి ఉంటుంది. మామూలుగా నెలకు ఒక్క అండమే పండుతుంది. మిగతావి ఎండిపోతాయి. పూసిన పూతంతా కాయ కాదు కదా! అలాగే ఇదీ.

పండిన అండం ఉన్న సంచి రేగుపండంత అవుతుంది. అది పగిలి అండం బయటికి వస్తుంది. గొట్టంలోకి చేరుతుంది. మళ్ళీ ముట్టు రావడానికి సుమారు 14 రోజుల ముందు ఇది జరుగుతుంది.

అండం దాదాపు ఒక్క రోజే బతుకుతుంది. ఆ లోపల మగవాని వీర్యకణం వచ్చి కలిస్తే బిడ్డకు మొదలు పడుతుంది. కలవకపోతే అండం కరిగిపోతుంది. బిడ్డ కోసం గర్భసంచిలో సిద్ధమైన పొర నెత్తురుతో కలిసి బయటికి వస్తుంది. అదే ముట్టు. అది మైల కాదు.

జీవితం మొత్తంలో పండేవి 400, 500 అండాలే. 45, 50 ఏళ్ళ వయసులో చాలామందికి అండాలు పండడం ఆగిపోతుంది. ముట్టూ ఆగిపోతుంది.

ఇప్పుడు చెప్పండి. మనం వట్టి పొలమేనా? విత్తనంలో సగం మనది, సగం మగవాడిది. పిల్లలు పుట్టకపోతే లోపం ఎవరిలోనైనా ఉండవచ్చు. ఒక్కోసారి ఇద్దరిలోనూ ఉండవచ్చు. కాబట్టి ఆసుపత్రికి ఆలుమగలు ఇద్దరూ వెళ్ళాలి. ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలి.

మాట్లాడుకుందాం:
1. ఆడపిల్లలో అండాలు ఎప్పుడు తయారవుతాయి?
2. పిల్లలు లేరని కోడలిని ఒక్కదాన్నే నిందించడం న్యాయమా?